ఒంటిపూట ఉద్యోగం చేసే ఇంటికి ఏ కుక్క సరిపోతుంది?

పార్ట్‌టైమే కదా, సగం రోజు ఇంట్లోనే ఉంటాను, ఏ కుక్కనైనా పెంచుకోవచ్చు అనుకుని ఏడేళ్ళ క్రితం రెండు నెలల బీగిల్ పిల్లను తెచ్చుకున్నాను. ఐదు నెలలకే దాన్ని ఖమ్మం దగ్గర మా అన్నయ్య వాళ్ళింట్లో వదిలి రావలసి వచ్చింది. అక్కడ పెద్ద వాకిలి, పొద్దస్తమానం మనుషులు, తోడుగా ఇంకో రెండు కుక్కలు. ఇప్పుడది హాయిగా ఉంది. కానీ తాళం వేసిన మా తలుపు వెనక నుంచి మెట్లదాకా వినిపించిన దాని ఏడుపు నాకు ఇంకా గుర్తుంది. అందులో బీగిల్ తప్పేమీ లేదు. నేను ముందు జాతిని ఎంచుకుని, నా రోజు ఎలా గడుస్తుందో తర్వాత చూసుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకుండా, ముందు మీ రోజును, చివర కుక్కను చూసుకోవాలని ఇది రాస్తున్నాను.

నాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. వారానికి ఐదు రోజులు పొద్దున పూట అకౌంట్స్ పని. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మల్లి. తెచ్చుకున్నప్పుడే దానికి రెండేళ్ళుంటాయి.

1. తాళం లెక్క రాయండి

ఒక కాగితం తీసుకుని వారం రోజులు రాయండి. రాయాల్సింది ఆఫీసు టైము కాదు. మీ తలుపుకి తాళం పడిన సమయం, తిరిగి తీసిన సమయం. నాలుగు గంటల ఉద్యోగమే అయినా, మెట్రో దిగి ఆటో పట్టుకుని, వచ్చేటప్పుడు కూరగాయలు తీసుకుని ఇల్లు చేరేసరికి నాకు ఆరు గంటలు తేలింది. కుక్కకు లెక్క ఆ ఆరు గంటలే. ఆదివారం పెళ్ళిళ్ళు, పేరంటాలు, సినిమాలు కూడా రాయండి. సెలవు రోజునే ఇంకా ఎక్కువసేపు తాళం పడే ఇళ్ళు ఉన్నాయి.

ఈ అంకెతో ఏం చేయాలంటే: పిల్ల ఎన్ని నెలలదైతే, ఇంచుమించు అన్ని గంటలు మూత్రం ఆపుకోగలదు, మహా అయితే ఇంకో గంట. రెండు నెలల పిల్లకు రెండు మూడు గంటలే. ఎదిగిన ఆరోగ్యమైన కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకోగలదు కానీ, రోజూ అంతసేపు ఆపించడం మంచిది కాదు. నా మాటగా చెప్పాలంటే, ఐదు గంటలు దాటితే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి దాన్ని కిందికి తీసుకెళ్ళే ఏర్పాటు ఉండాలి.

ఇక్కడే ఇంకో విషయం. రోజూ ఒకే వేళకు వెళ్ళి ఒకే వేళకు వచ్చే మనిషి ఎనిమిది గంటలు పనిచేసినా కుక్క సర్దుకుంటుంది. సోమవారం పొద్దున, మంగళవారం సాయంత్రం, బుధవారం ఇంట్లోనే అన్నట్టుండే పార్ట్‌టైము పనే దానికి ఎక్కువ కష్టం. నిన్నంతా పక్కనే ఉన్న మనిషి ఇవాళ ఎందుకు మాయమయ్యారో దానికి అర్థం కాదు. మీ షిఫ్టులు వారం వారం మారేవైతే, మనిషిని అంటిపెట్టుకుని ఉండే జాతుల జోలికి పోకండి. ఏవి అలాంటివో కింద చెబుతాను.

2. మీకు దొరికే ఖాళీ ఏ వేళలో ఉందో చూడండి

మన ఊళ్ళలో మార్చి నుంచి జూన్ దాకా కుక్కను నడిపించడానికి రెండే సమయాలు: పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఏడు దాటాక. మధ్యాహ్నం రెండింటికి మీరు ఇంటికొచ్చినా, ఆ ఖాళీ దాని నడకకు పనికిరాదు. రోడ్డు మీద అరచేయి వెనక్కి తిప్పి ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

అంటే పొద్దున ఆరింటికే డ్యూటీకి వెళ్ళేవాళ్ళకూ, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ట్యూషన్లు చెప్పేవాళ్ళకూ, గంటలు తక్కువే అయినా నడక వేళే పోతుంది. అలాంటి ఇంటికి గంటసేపు పరిగెత్తించాల్సిన జాతి వద్దు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పని ఉన్నవాళ్ళు అందరికంటే అదృష్టవంతులు. రెండు నడకలూ మీ చేతిలోనే ఉంటాయి.

3. ఇంట్లో మిగతావాళ్ళను అడగండి

అత్తగారు ఇంట్లోనే ఉంటారు కదా అని లెక్కలో వేసుకోకండి. ఆవిడకు కుక్కంటే భయం లేదా, మోకాళ్ళ నొప్పులతో దాన్ని పట్టుకుని లిఫ్టులో కిందికి వెళ్ళగలరా, అది ఒక్కసారి లాగితే పడిపోరా అని అడిగి తెలుసుకోండి. ముప్పై కిలోల లాబ్రడార్ పిల్లిని చూసి దూకితే పెద్దవాళ్ళు పడిపోవడం ఖాయం. పనమ్మాయిని కూడా అడగాలి. ఆమె భయపడి మానేస్తే మీ టైమ్‌టేబుల్ మొత్తం మారిపోతుంది.

అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడి, ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. సొంత ఫ్లాటైతే, పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఎక్కువమంది ఓటేసి తీర్మానం చేసినా చెల్లదు. అయినా నా సలహా, గొడవతో మొదలుపెట్టొద్దు. కుక్క వచ్చే ముందు పక్క ఫ్లాటువాళ్ళకు, వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పి, మీరు లేనప్పుడు అరిస్తే ఫోన్ చేయమని నంబరు ఇవ్వండి. అదెలా ఏడుస్తోందో మీకు తెలిసే దారుల్లో అదొకటి.

4. ఇప్పుడు జాతులు చూడండి: దేనికోసం పుట్టించారో అడగండి

ఫోటోలో ముఖం కాదు, ఆ జాతిని మనుషులు ఏ పనికి తయారుచేశారో చూడండి. ఆ పని దొరకనప్పుడు ఆ శక్తంతా మీ సోఫా మీదికి, తలుపు చెక్క మీదికి మళ్ళుతుంది.

బీగిల్‌ను ఇంగ్లండులో కుందేళ్ళ వేటకు గుంపుగా పెంచారు. వాసన పట్టగానే గొంతెత్తి కూయడం, పక్కన ఎప్పుడూ తోడు ఉండడం దాని స్వభావం. నేను దాన్ని ఒంటరిగా ఫ్లాటులో పెట్టి, అరవొద్దన్నాను. సైజు చిన్నది, బొచ్చు పొట్టిది, కాబట్టి ఫ్లాటుకి సరిపోతుందని దుకాణాల్లో చెబుతారు. ఆరు గంటల తాళం ఉన్న ఇంటికి ఒంటరి బీగిల్‌ను నేను ఎవరికీ చెప్పను.

లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో మత్స్యకారులతో కలిసి నీళ్ళలో వలలు, చేపలు అందుకొచ్చిన కుక్కలు. స్నేహంలో దానికి సాటి లేదు, పిల్లలున్న ఇంటికి మంచిది. కానీ మొదటి రెండు మూడేళ్ళు దానికి రోజుకి కనీసం గంట నడక, ఆట కావాలి. నడక తగ్గితే లావెక్కుతుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నదేమిటంటే, లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలిని అదుపుచేసే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుంది. అందుకే ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది. జాలిపడి మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బిస్కెట్లు పెట్టే ఇంట్లో లాబ్రడార్ ఐదేళ్ళకే కీళ్ళ నొప్పులతో కూలబడుతుంది. రెండు నడకలూ చేయగలిగితే తీసుకోండి, లేకపోతే వద్దు.

పగ్ గురించి గట్టిగానే చెప్పాలి. సెల్‌ఫోన్ ప్రకటన వచ్చాక మన ఊళ్ళలో అది వీధి వీధికీ చేరింది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఒంటికి చల్లదనం. మూతి నొక్కుకుపోయిన పగ్‌కి, షిట్జుకి, బుల్‌డాగ్‌కి ఆ దారే ఇరుకు. గురక ముద్దుగా ఉందంటారు కానీ, అది గాలి అందడానికి పడే తంటా. మీరు లేని మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే, కిటికీలు మూసిన ఫ్లాటులో పగ్‌కి వడదెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు. ఇన్వర్టరు మీద ఫ్యానైనా తిరుగుతుందన్న నమ్మకం లేకపోతే ఈ మూడింటినీ వదిలేయండి.

హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి మంచు ప్రాంతాల కుక్కల గురించి పెద్దగా చెప్పను. హైదరాబాద్, విజయవాడ, రామగుండం ఎండల్లో వాటిని ఏసీ గదిలో బంధించి ఆఫీసుకు వెళ్ళడం వాటికి శిక్ష. ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

జర్మన్ షెపర్డ్ తెలివైనది, మందను కాసే జాతి. ఒక మనిషిని పట్టుకుని ఆ మనిషి వెంటే తిరుగుతుంది. అందుకే షిఫ్టులు మారే ఇంట్లో అది బాగా నలిగిపోతుంది. తుంటి కీలు సమస్య కూడా ఈ జాతిలో ఎక్కువ. లిఫ్టు లేని ఇంట్లో ఆలోచించుకోవాలి. లిఫ్టు లేకపోతే డాష్‌హండ్ కూడా వద్దు. పొట్టి కాళ్ళ మీద పొడవైన నడుము కాబట్టి, ఈ జాతిలో వెన్ను సమస్యలు ఎక్కువ.

మనవాళ్ళు పమేరియన్ అని పిలిచే తెల్లటి కుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. బ్రిటిష్ కాలం నుంచి ఇక్కడే పెరిగి మన వాతావరణానికి అలవాటుపడ్డాయి. తిండి తక్కువ, అరగంట నడక చాలు, ఐదు గంటల ఒంటరితనం నేర్పితే నేర్చుకుంటుంది. లోపం ఒకటే: లిఫ్టు చప్పుడుకీ, కొరియర్ అబ్బాయికీ, పక్కింటి కుక్కర్ విజిల్‌కీ మొరుగుతుంది. గోడలు పలచగా ఉన్న ఫ్లాటులో అది సమస్యే. వారానికి మూడు సార్లైనా బొచ్చు దువ్వాలి.

ముధోల్, రాజపాళయం జాతులు మన దక్షిణాది గర్వం. 2005లో తపాలా శాఖ ఈ రెండింటి మీదా స్టాంపులు వేసింది. కానీ అవి మైదానంలో వేటను తరిమే కుక్కలు. ఊళ్ళో చుట్టూ ప్రహరీ ఉన్న స్థలమో, మామిడి తోటో ఉన్నవాళ్ళకు చక్కగా సరిపోతాయి. ఫ్లాటుకి కాదు.

రాట్‌వైలర్, పిట్‌బుల్ వంటి 23 రకాల కుక్కల్ని అమ్మడం, పెంచడం నిషేధించాలని 2024 మార్చిలో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది, మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, రోజులో సగం పర్యవేక్షణ లేని ఇంట్లో మొదటి కుక్కగా అవి వద్దు.

ఇక నా ఎంపిక. ఊరకుక్క, మన నాటు కుక్క. మల్లి ఆ జాతే. పొట్టి బొచ్చు, పొడవైన మూతి, పదిహేను ఇరవై కిలోల బరువు. వేల ఏళ్ళుగా ఈ ఎండలో, ఈ తిండితో బతికి నిలిచిన ఒళ్ళు. ఒకటి రెండు లక్షణాల కోసం దగ్గరి చుట్టరికంలో జత కట్టించి పుట్టించిన కుక్క కాదు కాబట్టి, జాతి కుక్కల్లో తరాలుగా వచ్చే జబ్బులు దీనిలో తక్కువ. మధ్యాహ్నమంతా నిద్రపోవడం దానికి అలవాటే. వీధుల్లో చూడండి, పన్నెండు నుంచి నాలుగు దాకా ప్రతి ఊరకుక్కా కారు కిందో చెట్టు కిందో పడుకుని ఉంటుంది. మీ తాళం గంటలు సరిగ్గా అక్కడే పడితే అంతకంటే ఏం కావాలి? దాని వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. కొత్తవాళ్ళను వెంటనే నమ్మదు, ఇంటికి వచ్చేవాళ్ళ మీద మొరుగుతుంది, మొదటి నెల మంచం కింద నుంచి బయటికే రాకపోవచ్చు. మల్లి నా చేతిలోంచి అన్నం తినడానికి పదకొండు రోజులు పట్టింది.

5. పిల్ల కాదు, ఎదిగిన కుక్క

జాతి కంటే ఇదే ముఖ్యమని నా నమ్మకం. పిల్లను చిన్నప్పుడే తెచ్చుకుంటేనే మచ్చికవుతుందని మన ఇళ్ళలో గట్టి అభిప్రాయం. అది నిజం కాదు. రెండేళ్ళ కుక్క కూడా మీ ఇంటిదైపోతుంది.

పిల్ల విషయంలో ఉన్న చిక్కు ఇది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు దాకా, దాన్ని వీధిలో తిప్పకూడదు. పార్వో అనే వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చిన్న పిల్లలకు సోకితే చాలాసార్లు ప్రాణమే పోతుంది. అంటే ఆ రెండు నెలలూ అది ఫ్లాటులోనే, రెండు మూడు గంటలకోసారి, ఎవరో ఒకరు చూస్తుండగా, పేపరు మీద మూత్రం పోయాలి. రోజుకి మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలి. పళ్ళు వచ్చేటప్పుడు చెప్పులు, ఫోన్ ఛార్జర్ వైర్లు కొరుకుతుంది. ఒంటిపూట ఉద్యోగికి ఇవన్నీ తాళం గంటల్లోనే జరుగుతాయి.

రెండు మూడేళ్ళ కుక్క అయితే ఎంత పెరుగుతుందో, అరుస్తుందా లేదా, పిల్లులంటే పడదా, ఒంటరిగా ఉండగలదా అన్నది ముందే కనిపిస్తుంది. పిల్ల విషయంలో అవన్నీ మీ ఊహలే. పిల్లే కావాలని మనసు పడితే, రెండు నెలలు ఇంటి దగ్గర మనిషి ఉండేలా, వీలైతే వేసవి సెలవుల్లో తెచ్చుకోండి.

6. నెల ఖర్చు బరువుతో లెక్కేయండి

సగం జీతంతో నడిచే ఇంటికి ఈ లెక్క తప్పదు. కుక్క ఖర్చు చాలావరకు దాని బరువును బట్టే ఉంటుంది. తిండే కాదు, నులిపురుగుల మాత్రలు, గోమార్లకు వాడే మందులు కూడా కిలోల లెక్కనే ఇస్తారు. ముప్పై కిలోల కుక్కకు అయ్యేది పది కిలోల స్పిట్జ్‌కి అయ్యే ఖర్చుకి రెండింతల పైమాటే. గోమార్లను తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర అవి తెచ్చే జ్వరం కుక్కల్ని బాగా దెబ్బతీస్తుంది, వైద్యం వారాల తరబడి సాగుతుంది. మీ దగ్గరి పశువుల డాక్టరుని కలిసి, ఈ బరువు కుక్కకు ఏడాదికి టీకాలకు, మందులకు ఎంతవుతుందో అడిగి రాసుకోండి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలై ఏటా వేయించాల్సిందే. మునిసిపాలిటీలో రిజిస్ట్రేషన్‌కి ఆ టీకా సర్టిఫికెట్ దాచుకోండి. ఒక ఆపరేషన్‌కి సరిపడా డబ్బు విడిగా పక్కన పెట్టగలిగాకే కుక్క మాట ఎత్తండి.

7. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

దత్తత తీసుకోవడానికైతే ముందు మీ ఊళ్ళోని జంతు సంక్షేమ సంస్థల షెల్టర్లకు వెళ్ళండి. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూక్రాస్ అందరికీ తెలిసిందే. చాలా ఊళ్ళలో తమ ఇళ్ళలోనే కుక్కలకు తాత్కాలికంగా ఆశ్రయమిచ్చి సాకేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దగ్గరి కుక్కలు మీకు ఇంకా నయం, ఎందుకంటే ఇంట్లో అది ఎలా ఉంటుందో వాళ్ళు చూశారు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: మీరు బయటికి వెళ్ళినప్పుడు ఇది ఏం చేస్తుంది? మీ వీధిలో తిరిగే కుక్కనే తెచ్చుకోవాలనుకుంటే దాని చెవి చూడండి. చివర చిన్నగా కత్తిరించి ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు.

కొనాలనే అనుకుంటే, 2017 నిబంధనల ప్రకారం కుక్కల్ని జత కట్టించి పిల్లల్ని అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నా బీగిల్‌ను రెండు నెలలదని అమ్మారు. డాక్టరు పళ్ళు చూసి ఐదు వారాలు కూడా దాటలేదన్నారు. తల్లి దగ్గర ఉండాల్సిన వారాలు పోయిన పిల్లకు ఒంటరితనం మరీ కష్టం. అందుకే తల్లిని చూపించమని అడగండి. తల్లి ఉండే చోటుకి రానివ్వకపోయినా, బస్టాండులో అందిస్తామన్నా అక్కడితో ఆపేయండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఇచ్చే జాతి పేపర్లున్నాయన్నంత మాత్రాన పిల్ల ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు.

8. దత్తత కాగితాల మీద సంతకం పెట్టే ముందు రెండు వారాలు

వీలైతే పదిహేను రోజులు తాత్కాలికంగా సాకుతానని అడిగి తెచ్చుకోండి. అందులో మొదటి వారం సెలవు పెట్టండి. కానీ ఆ వారమంతా దాని పక్కనే కూర్చోకండి. చాలామంది సరిగ్గా ఇక్కడే తప్పటడుగు వేస్తారు. తెచ్చిన మూడో రోజు నుంచే తాళం వేసి ఐదు నిమిషాలు కిందికి వెళ్ళి రండి. వెళ్ళేటప్పుడు హడావుడి, వచ్చాక ముద్దులు రెండూ వద్దు. తర్వాత పావుగంట, అరగంట, గంట. ఏడుస్తున్నప్పుడు తలుపు తీయకండి. కాసేపు ఆగి, అది ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తీయండి. గంట దాటగలిగితే ఆ తర్వాత గంటలు పెంచడం సులువే.

వెళ్ళే ముందు అరగంట నడిపించి, తిండి పెట్టి వెళ్ళండి. బాల్కనీలో గొలుసుతో కట్టేసి మాత్రం వెళ్ళకండి. వ్యాయామం లేకుండా కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, దానికి మించి ఎండ. నేల చల్లగా ఉండే ఒక గది, రెండు చోట్ల నీళ్ళ గిన్నెలు, కొరకడానికి ఒక బొమ్మ చాలు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయలు దానికి విషం. వంటగది తలుపు వేసి వెళ్ళండి.

పాత ఫోన్ ఒకటి ఉంటే అలమర మీద పెట్టి వీడియో రికార్డు చేయండి. ఏ కుక్కైనా మొదటి పది, ఇరవై నిమిషాలు తలుపు దగ్గర తచ్చాడుతుంది. ఆ తర్వాత ఏం చేస్తోందన్నదే చూడాలి. గంటసేపు ఆగకుండా ఊళపెడుతున్నా, చొంగ కారుస్తున్నా, తలుపును గోళ్ళతో చీల్చుతున్నా, మీరు వచ్చేదాకా నీళ్ళు కూడా ముట్టకపోయినా, అది మీ టైముకి సరిపడే కుక్క కాదు. సంస్థవాళ్ళకు ఆ వీడియో చూపించి, రోజంతా మనిషి ఉండే ఇల్లు చూడమనండి. మల్లి మొదటి వీడియోలో పదహారు నిమిషాలు తలుపు దగ్గరే నిలబడి, తర్వాత నా చున్నీ మీద పడుకుని నిద్రపోయింది. ఆ సాయంత్రమే వెళ్ళి సంతకం పెట్టాను.